శ్యామలాంబ కలిపిన పేక

మొదటి ఆటలోనే కంప్యూటరు చంద్రరావుకి ఇద్దరు ఇస్పేటు రాణులను పంచింది.

ఆయన కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఇద్దరూ అలాగే ఉన్నారు. ఒకే కిరీటం, ఒకే పువ్వు, ఒకే పక్కచూపు.

“దుర్గా, ఒకసారి ఇలా రామ్మా. మీవాడు నాకు ఒకే రాణిని రెండుసార్లు ఇచ్చాడు.”

దుర్గాశ్రీ చేతిలో కంచంతోనే వంటింట్లోంచి వచ్చి తెర మీదికి వంగి చూసింది.

“ఎక్కువ ఇచ్చారని కంప్లయింట్ చేసే మనిషిని మిమ్మల్నే చూశాను పెదనాన్నా. ఉంచుకోండి.”

“ఒక్క పేకలో ఇద్దరుండరు కదమ్మా.”

“తెలుసులెండి. సాయంత్రానికి సరిచేస్తాను.”

దుర్గాశ్రీ చంద్రరావు తమ్ముడు సత్యప్రసాద్ కూతురు. కాకినాడలో ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం. సామర్లకోట నుంచి రైల్లో వెళ్ళి రావడం తేలికని పెదనాన్న ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఆఖరి ప్రాజెక్టుకి తోటివాళ్ళందరూ ఆసుపత్రి రిజిస్టర్లూ, లైబ్రరీ పుస్తకాల పట్టికలూ తయారుచేస్తుంటే, ఈ పిల్ల కంప్యూటరుతో ఆడే రమ్మీ చేస్తానని కాలేజీలో ఒప్పుకుని వచ్చింది. సోమవారం అది అందరి ముందూ ఆడించి చూపించాలి. ఆట సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి రమ్మీ బాగా తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడు. కాని ఆయన కార్తీకం నుంచి ముక్క ముట్టుకోవడం లేదు.

“మీరు ముక్కలు ముట్టుకోనక్కర్లేదు పెదనాన్నా. మౌస్ ముట్టుకుంటే చాలు” అంది దుర్గాశ్రీ.

హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారు కాబట్టి, పెద్ద పెద్ద ఒడంబడికల్లోనే ఇలాంటి సందులు చూసినవాడు కాబట్టి, చంద్రరావు ఒప్పుకున్నాడు.

ఆ ఇంట్లో పేకాట మొగుడూ పెళ్ళాల మధ్య వ్యవహారం. బడిపంతులు పేకాడతాడని ఊళ్ళో అనుకుంటే బాగుండదని చంద్రరావు కాపురం పెట్టిన కొత్తలోనే బెంగపడ్డాడు. అందుకని వీధి తలుపు వేసుకుని, లోపలి గదిలో చాప పరుచుకుని, చింతగింజలు పందెం పెట్టుకుని ఆడేవారు. సంగతి వీధి వీధంతటికీ తెలుసు. తెలియదని ఆయన ఒక్కడే అనుకునేవాడు. పేక కొనుక్కొచ్చేది కూడా ఆయన భార్య శ్యామలాంబే. “మా మాస్టారికండి” అని చెప్పి మరీ కొనేదని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ ఆటకు ఆవిడ చట్టాలు ఉండేవి. జోకర్లు ఒప్పుకునేది కాదు. ఉన్న ముక్కలతో ఆడటం చేతకాని వాళ్ళకి అవి, అనేది. పేకలో వచ్చిన జోకర్లు ఏనాడో మజ్జిగ గ్లాసుల మీద మూతలైపోయాయి. సాయంత్రం మొదటి పంపకానికి ఆవిడ కలపాలి, ఆయన కొయ్యాలి. అది మారడానికి వీల్లేదు. ఇక ఆయన ముక్కలన్నీ పేర్చుకుని షో అన్నాడంటే, ఆవిడ ఒక్కొక్క ముక్కనూ చూపుడువేలితో తాకుతూ దిద్దేది. ఊళ్ళో పిల్లల తప్పులన్నీ దిద్దే మనిషి తన ముక్కలు తప్పు పేర్చుకుని దొరికిపోవడం ఆవిడకు తీరని సరదా. అలా దొరికిపోని వారం లేదు.

ఒకసారి పట్టిసీమ వెళ్ళే లాంచీలో ఆడుతుంటే గాలికి ఇస్పేటు రాణి ఎగిరి గోదావరిలో పడిపోయింది. కొత్త పేక కొందామన్నాడాయన. “ఒక్కావిడ లేదని ఇల్లు మారిపోతామా?” అంది శ్యామలాంబ. ఇంటికి రాగానే పాత శుభలేఖ అట్టను కొలతకు కత్తిరించి, తనే రాణి బొమ్మ వేసింది. ముక్కుపుడక పెట్టింది. జడలో చామంతి పెట్టింది. నాలా లేదూ అని అడిగితే, మీ అమ్మగారిలా ఉందన్నాడు చంద్రరావు.

ఆ రాణితో ఒక చిక్కు వచ్చిపడింది. మిగతా ముక్కల వెనకంతా నీలం గళ్ళు. దీని వెనక పసుపు రంగు, మధ్యలో శుభలేఖ మీది వినాయకుడు. ఎవరి చేతిలో ఉన్నా ఎదుటివాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. దానికీ ఆవిడే చట్టం చేసింది. చూసినా చూడనట్టే ఆడాలి. ఈ విద్యలో చంద్రరావు అంతంతమాత్రం. ఆవిడ మాత్రం దిట్ట. ఆయన చేతిలో వినాయకుడు తనకేసే చూస్తుంటే, ఇంటి కప్పు వంక చూసి, “ఇస్పేటు రాణి ఎక్కడుందో ఏంటో!” అని నిట్టూర్చేది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఆవిడ పేక కలిపి, పళ్ళెంలో పెట్టి కోతకు ఆయన ముందుకు జరిపి, పొయ్యి మీద పాలు చూసి వస్తానని లేచింది.

చాప దగ్గరికి ఆవిడ తిరిగి రాలేదు. ఆ పేక కొయ్యలేదు.

తర్వాత చంద్రరావు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా బిస్కెట్ డబ్బాలో పెట్టాడు. కదిలితే వరస చెదురుతుందని గోడబీరువా పై అరలో, రెండు నిఘంటువుల మధ్య ఇరికించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరికి ఏ మాటకు అర్థం కావాలన్నా బజారుకెళ్ళి అడగాల్సిందే. ఆ నిఘంటువులు కదపడానికి లేదు.

మర్నాటికి కంప్యూటరులో ఇద్దరు రాణులూ ఒక్కరయ్యారు. చంద్రరావు బడినుంచి వచ్చి, కాఫీ తాగి, మౌస్ పట్టుకున్నాడు. చేతిలో రాణి పనికిరానిదని కొట్టేశాడు. నాలుగు చేతులు తిరిగాక పేక మీద నొక్కితే మళ్ళీ ఆవిడే వచ్చింది. మళ్ళీ కొట్టేశాడు. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

“దుర్గా, నేను కొట్టేసిన రాణి మళ్ళీ పేకలోంచి వస్తోంది.”

“మీ మీద ప్రేమేమో పెదనాన్నా.”

“ప్రేమ కాదు, అడ్డగోలుతనం. కింద పడ్డ ముక్క కిందే ఉండాలి. పేకలోకి ఎలా దూరింది?”

దుర్గాశ్రీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “పేకలోకి దూరలేదు. అసలు పేకే లేదు.”

“లేదా?”

“అక్కడున్నది ఉత్తి బొమ్మ. మీరు దాని మీద నొక్కినప్పుడు కంప్యూటరు ఏదో ఒక అంకె అనుకుంటుంది. ఆ అంకెకి ఏ ముక్కయితే అది మీకిస్తుంది. అది అప్పటికే మీ చేతిలోనో దాని చేతిలోనో ఉంటే ఇంకోటి అనుకుంటుంది. అంతే.”

“నేను నొక్కక ముందు ఆ ముక్క ఎక్కడుంటుంది?”

“ఎక్కడా ఉండదు.”

చంద్రరావు తెర మీది పేక బొమ్మను కాస్త అనుమానంగా చూశాడు. “మరి లేని పేక ముందేసుకుని పెద్దమనిషిలా కూర్చోడానికి మీవాడికి సిగ్గులేదూ?”

“తేడా ఏముంది పెదనాన్నా? ఎలాగూ ముక్క బోర్లా ఉంటుంది. ముందునుంచీ అక్కడే ఉంటే ఏంటి, మీరు నొక్కినప్పుడు పుడితే ఏంటి? ఏది వస్తుందో మీకు తెలీదు కదా.”

“తేడా ఉందమ్మా.”

“చెప్పండి మరి.”

చెప్పబోయాడు. శిస్తుల పద్ధతులు, సంధి షరతులు పిల్లల బుర్రల్లోకి ఎక్కించిన మనిషికి ఆ పూట మాట దొరకలేదు. వెతుక్కుంటూ చెప్పాడు. “ఏది పోయిందో చూసుకుంటూ ఆడాలి. ఆటీను తొమ్మిది పడిపోయిందనుకో, ఇంక దానికోసం కాచుకుని ఉండకూడదు. ఎనిమిదీ పదీ పట్టుకుని కూర్చుంటే దండగ. వాటిని వదిలెయ్యాలి. అదే ఆట.”

“పోయిందనుకున్నది మళ్ళీ వస్తే మంచిదేగా?”

అనేసి దుర్గాశ్రీ నాలిక కరుచుకుంది. చంద్రరావు మౌస్ వైరు సర్దాడు. సర్దవలసినంత చిక్కు దానికేమీ లేదు.

“మంచిదే” అన్నాడు. “కాని దాన్ని రమ్మీ అనరు.”

ఆ సమయానికి లోవలక్ష్మి తాటిముంజల గిన్నెతో వచ్చింది. ఆవిడ శ్యామలాంబ చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. అక్క పోయినప్పటినుంచి ఏదో ఒక గిన్నె వంకతో రోజూ వచ్చి బావగారిని ఒక మాట అని వెళ్ళడం అలవాటు చేసుకుంది.

“ఇన్నేళ్ళూ మా అక్క చేతిలో ఓడారు. ఇప్పుడు ఈ పెట్టె చేతిలోనా బావగారూ?”

“ఓడలేదు లోవా. అభ్యంతరం చెబుతున్నాను.”

“అక్క దగ్గరా అదే చెప్పేవారండి.”

తగువేంటో విన్నాక లోవలక్ష్మి తేల్చేసింది. “ఇంత వాదనెందుకండీ? పేక తెచ్చి, పంచి, చూపిస్తే పోలా?”

ముగ్గురూ ఒక్కసారి గోడబీరువా వైపు చూశారు. మళ్ళీ ముగ్గురూ ముంజల గిన్నెలోకి చూశారు.

“నేను కొత్త పేక కొనుక్కొస్తాను” అంది దుర్గాశ్రీ.

“నువ్వొద్దు. నేను తెస్తాను” అన్నాడు చంద్రరావు. చాలా ధీమాగానే అన్నాడు.

స్టేషన్ దగ్గర ఫ్యాన్సీ కొట్టుకి వెళ్ళాడు. కొట్టు వీరబ్రహ్మం ఆయన పాత శిష్యుడు. మాస్టారిని చూడగానే లేచి నిలబడి, “ఏం కావాలండి మాస్టారూ?” అన్నాడు. అద్దాల బీరువాలో పేకలు ఎదురుగానే ఉన్నాయి. ఇటుపక్కన పదో తరగతి పిల్లలిద్దరు షోడా తాగడం మానేసి చేతులు కట్టుకున్నారు. చంద్రరావు గొంతు సవరించుకుని పెన్ను రీఫిళ్ళు ఇమ్మన్నాడు. “ఇవేనాండి? ఇంకేమైనా…” అని వీరబ్రహ్మం పేకల వైపు చూడకుండా, మహా మర్యాదగా అడిగాడు. ఇవే చాలన్నాడాయన.

ఇంటికొచ్చి పొట్లం బల్ల మీద పెడితే లోవలక్ష్మి విప్పి చూసింది.

“వీటినే పంచుతారా బావగారూ? నాకు ఎర్రవి కావాలండి.”

ఆదివారం వచ్చేసింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటరు కిందనున్న యూపీఎస్ కాసేపు కూతలు పెట్టి అది కూడా ఊరుకుంది. దుర్గాశ్రీ వచ్చి లోపలి గదిలో చాప మీద చతికిలబడింది. లోవలక్ష్మి అప్పటికే అక్కడ వలిచిన ముంజల గిన్నె పక్కన పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటోంది.

“ఉన్నదే పట్టుకెళ్ళి చూపించేస్తాను పెదనాన్నా. చూసేవాళ్ళు ఎవరూ రమ్మీ ఆడరు. తెలీదు.”

“నీకు తెలుసుగా?”

“అదే, నాకూ తెలీదు. తప్పంటున్నారు గాని, ఏం తప్పో నాకు అందడం లేదు. అందితే మార్చనా?”

ఆ పిల్ల అన్నది విసుగుతో కాదు. నిజంగానే అందక అడుగుతోంది. క్లాసులో అలాంటి ముఖం కనిపిస్తే బెల్లు కొట్టినా చంద్రరావు బయటికి వచ్చేవాడు కాదు.

ఆయన లేచాడు. నిఘంటువులు జరిపి, డబ్బాను రెండు చేతులతో దించి, తెచ్చి చాప మీద పెట్టాడు. మూత తీసి, పేకను కదలకుండా పట్టుకుని పళ్ళెంలో ఉంచాడు. అంచు మీద, సగానికి కాస్త కిందుగా, సన్నటి పసుపు గీత కనిపిస్తోంది.

దుర్గాశ్రీ చెయ్యి చాపింది.

“కలపకు.”

“కలపకుండా ఎలా పెదనాన్నా?”

“కలిపే ఉంది.”

లోవలక్ష్మి చేతిలో విసనకర్ర ఆగింది. దుర్గాశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

చంద్రరావు ఆ పేకకేసి చూస్తూ కూర్చున్నాడు. మొన్న కంప్యూటరు ముందు తను చెప్పలేకపోయింది ఇదే. ఇందులో ప్రతి ముక్కా ఉంది. ఇన్ని నెలలూ ఉంది. ఎవరికి ఏది వెళ్ళాలో శ్యామలాంబ వేళ్ళు ఆ సాయంత్రమే తేల్చేశాయి. ఆయన వంతు కోత ఒక్కటే మిగిలింది. పంచేస్తే ఆ వరస ఇంక ఉండదు. మళ్ళీ అలా పేర్చడం ఎవరి తరమూ కాదు.

“వద్దులెండి బావగారూ” అంది లోవలక్ష్మి మెల్లగా. “మాటలతోనే చెబుదురుగాని.”

“మాటలతో చెబుతూనే ఉన్నానుగా లోవా. పాఠం సాగడం లేదు.”

పేక కోశాడు. పైసగం కిందికీ, కిందిసగం పైకీ వెళ్ళింది. అంతసేపు ఆలోచించిన పని క్షణంలో అయిపోయింది. ఒక్కొక్క ముక్కే పంచి, తనవి తీసి విప్పి చూసుకున్నాడు.

అంత దిక్కుమాలిన చెయ్యి ఆయన చాలాకాలంగా చూడలేదు. ఏ రెండు ముక్కలకూ ముఖపరిచయం లేదు. చంద్రరావు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని దుర్గాశ్రీ కంగారుగా ముందుకు వంగింది. ఆయన నవ్వుతున్నాడు.

“మీ పెద్దమ్మే. అనుమానం లేదు. నాకెప్పుడూ ఇలాంటివే తగిలేట్టు కలిపేది. చూడు లోవా, ఎలా ఉన్నాయో.”

“నాకు చూపించకండి. నేను అటు పక్షం.”

చింతగింజలు పందెం పెట్టుకుని ఆట మొదలుపెట్టారు. చంద్రరావు ఆటీను తొమ్మిది కొట్టాడు. దుర్గాశ్రీ దాన్ని ఎత్తుకోలేదు. తర్వాత పేకలోంచి ముక్క తీసి, చేతిలో సర్దుకుని, “అయ్యో!” అంది.

“ఏమైంది?”

“ఎనిమిది ఉంది, ఇప్పుడు పది వచ్చింది. తొమ్మిది ఇందాకే పోయింది.”

“పోయింది.”

“ఇంక రాదా?”

“ఈ ఆటలో రాదు.”

దుర్గాశ్రీ కింద పడిన ముక్కలను చూసింది. పక్కన పలచబడుతున్న పేకను చూసింది. మళ్ళీ తన చేతిలోకి చూసుకుంది. ఆటీను పది తీసి కింద పెట్టింది.

“ఇది తరుగుతోంది పెదనాన్నా. తరిగేకొద్దీ లోపల ఏముందో నాకు కొంచెం కొంచెం తెలుస్తోంది. నాది ఎంత తీసినా తరగదు. అందుకే మీరెంత గుర్తుపెట్టుకున్నా అక్కడ పనికి రావడం లేదు.”

“నేను చెప్పలేకపోయింది అదే.”

“మొత్తం పేక ముందే తయారుచేసి, ఒక్కసారి కలిపేసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత పైనుంచి తియ్యడమే. గంట పని!”

“గంట పనికి ఇన్నాళ్ళు చేశావా?”

“ఈ డబ్బా దింపడానికి మీరెన్నాళ్ళు చేశారు?”

లోవలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చంద్రరావు పేకలోంచి ముక్క తీశాడు.

ఆట సాగేకొద్దీ ఆయన చెయ్యి కాస్త మనుషుల్లో పడింది. ఇస్పేటు జాకీ వచ్చింది, రాజు వచ్చాడు, వాళ్ళిద్దరి మధ్యా ఖాళీ ఉంది. ఎదురుగా దుర్గాశ్రీ చేతిలో, నీలం గళ్ళ మధ్యనుంచి పసుపు వినాయకుడు ఆయనకేసే చూస్తున్నాడు.

చంద్రరావు తలెత్తి ఆగిపోయిన ఫ్యాను వంక చూశాడు. “ఇస్పేటు రాణి ఎక్కడుందో ఏంటో!” అని నిట్టూర్చాడు.

లోవలక్ష్మికి ముంజ నీళ్ళు కొరబోయి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గినా కొంగు కళ్ళ దగ్గరే ఉంచుకుంది. దుర్గాశ్రీ ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఉన్న పిల్ల. చట్టం తెలుసు.

“ఏమో పెదనాన్నా. నాకూ ఎక్కడా కనపడ్డం లేదు” అంది బుద్ధిగా.

కాసేపటికి ఆ పిల్లే రాణిని కొట్టింది. చంద్రరావు ముక్క మీదికి చెయ్యి చాపబోయి ఆగాడు.

“జాలా?”

“నా దగ్గర ఇంక ఇస్పేట్లే లేవండి బాబూ. జాలిపడితే మార్కులు కోస్తారని నాకు తెలీదా?”

ఆయన ఎత్తుకున్నాడు. ముక్కుపుడక, జడలో చామంతి. ఇన్నాళ్ళకు చూస్తుంటే వాళ్ళమ్మగారిలా ఏమీ లేదు. జాకీకీ రాజుకీ మధ్య పెట్టాడు. బాగుంది. ఇంకొంచెంసేపు చూశాడు. ఆ ధాటిలో మిగతా ముక్కలన్నీ చకచకా సర్దేసి చాప మీద పరిచి, “షో!” అన్నాడు.

లోవలక్ష్మి ముందుకు జరిగింది. వాళ్ళక్కలాగే చూపుడువేలితో ఒక్కొక్క ముక్కనూ తాకుతూ వచ్చింది. “ఇది ఇస్పేటు… ఇది ఇస్పేటు… జాకీ, రాణి, రాజు, సరే. ఇస్పేటు అయిదు, ఇస్పేటు ఏడు… మధ్యలో ఇదేంటండి బావగారూ?”

చంద్రరావు కళ్ళజోడు నుదుటి మీదినుంచి దించుకుని చూశాడు. కళావరు ఆరు.

“కరెంటు లేదు కదా. రెండూ నలుపే…”

“అక్క ఇన్నేళ్ళూ లైటు వేసే ఆడించింది. అప్పుడూ ఇంతేగా?” అంటూ లోవలక్ష్మి చింతగింజల కుప్పంతా దుర్గాశ్రీ వైపు తోసేసింది.

అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను ఒక్కసారిగా తిరిగింది. ముక్కలు చాప మీద లేచాయి. చంద్రరావు చెయ్యి ముందుగా రాణి మీద పడింది. తక్కినవాటిని ఆడవాళ్ళిద్దరూ పట్టుకున్నారు.

ముందు గదిలో యూపీఎస్ కూసింది. దుర్గాశ్రీ అటు చూసి లేవబోయింది. “వెళ్ళి అది సరిచేసేస్తాను పెదనాన్నా.”

“వెళ్దువుగాని. గంట పనేగా.”

చంద్రరావు ముక్కలన్నీ పోగుచేశాడు. పడ్డవీ, మిగిలినవీ, చేతిలోవీ ఒక్కటిగా చేర్చి, అంచులు చాపకు తట్టి సమం చేశాడు. పసుపు గీత ఈసారి ఎక్కడో పైకి వచ్చింది. పేకను పళ్ళెంలో పెట్టి దుర్గాశ్రీ ముందుకు జరిపాడు.

“ముందు ఇది కలుపు. నేను కోస్తాను.”